డాబాకి బీమా ఉంది, సావిడికి లేదు

(మన సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



నన్ను బీమా గురించి మాట్లాడమన్నారు. బీమా అనగానే మనకి గుర్తొచ్చేవి రెండు. బ్యాంకు ఖాతాలోంచి ఏడాదికి 436 రూపాయలు కోసుకునే జీవన జ్యోతి, 20 రూపాయలు కోసుకునే సురక్ష. ఆ రెండూ మన గ్రూపుల్లో దాదాపు అందరికీ ఉన్నాయి, రెండు లక్షల చొప్పున వస్తుంది, మంచిదే. కానీ అవి మనిషికి. నేను ఈ రోజు చెప్పేది మనిషి గురించి కాదు, ఇంటి గురించి కూడా కాదు. ఇంటి వెనక దొడ్లో ఉండే పాక గురించి. గొడ్ల సావిడి, కోళ్ల షెడ్డు, అప్పడాలు ఒత్తుకునే రేకుల గది, ఉల్లిపాయలు పోసుకునే పాక, ఎండుచేపలు దాచుకునే కొట్టు, వీధి వైపు వేసుకున్న బడ్డీ. వీటికి బీమా ఉందా అని అడిగితే మా గ్రూపులో పదిమందిమీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. నేనైతే ఉందనే అనుకున్నాను. అదే నా కథ.

మాది కొల్లేటి లంక. 2017లో బ్యాంకు అప్పుతో డాబా వేసుకున్నాం. అప్పు ఇచ్చేటప్పుడు ఇంటికి బీమా తప్పనిసరి అన్నారు, ఏటా ప్రీమియం వాళ్లే ఖాతాలోంచి తీసుకునేవారు. కాగితం నా బీరువాలోనే ఉంది. ఏడేళ్లలో ఒక్కసారి కూడా చదవలేదండి. చదివినా ఇంగ్లీషు. తర్వాత 2021లో గ్రూపు అప్పు కొంత, స్త్రీనిధి అప్పు కొంత తీసుకుని డాబాకి ముప్పై గజాల వెనక సావిడి వేశాం. నడుం ఎత్తు ఇటుక గోడ, పైన సిమెంటు రేకులు, నాలుగు గేదెలు, ఒక మూల పాలగది, గడ్డి కత్తిరించే మిషను, దాణా బస్తాలు. అంతా కలిపి 2,10,000 అయ్యింది. ఇంటి ఖర్చు నడిచేది, పిల్లల ఫీజులు కట్టేది, గ్రూపు వాయిదా కట్టేది అన్నీ ఆ సావిడి లోంచే. డాబా లోంచి ఒక్క రూపాయి రాదు.

2024 సెప్టెంబరు మీకు చెప్పక్కర్లేదు. ఆగస్టు 31న మొదలైన వాన, బుడమేరు పొంగి విజయవాడ మునిగింది అని టీవీలో చూస్తూ కూర్చున్నాం. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? మన దగ్గరికే. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, అన్నీ కొల్లేట్లోనే పడాలి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. విజయవాడలో తగ్గుతుంటే మాకు పెరగడం మొదలయ్యింది. గేదెల్ని రోడ్డు గట్టు మీదికి తోలి, నేనూ మా అత్తగారూ అక్కడే టార్పాలిన్ కింద ఉన్నాం. తొమ్మిది రోజులకి ఇంటికి వెళ్తే డాబా నిలబడే ఉంది. తలుపులు ఉబ్బాయి, వైరింగు పోయింది. సావిడి మాత్రం చెరువు వైపు గోడ పడుకుంది, దాంతో పాటు రేకులూ దిగాయి. మిషను మోటారు లోపల బురద. దాణా పులిసి కంపు. నా లెక్కలో 1,35,000 నష్టం.

బీమా ఉంది కదా అనుకున్నాను. ధైర్యంగానే వెళ్లాను. సర్వేయరు గారు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు. డాబా గోడ మీద నీటి గుర్తు కొలిచారు, తలుపులు చూశారు, స్విచ్చి బోర్డులు చూశారు. రండి సార్, అసలు నష్టం వెనకుంది అని సావిడికి తీసుకెళ్లాను. చూసి కాగితం తిప్పి, “అమ్మా, పాలసీలో ఇది ఎక్కడుంది?” అన్నారు. కాగితంలో ఉన్నది ఒకే ముక్క: ఆర్.సి.సి. నివాస గృహం, ఒకటి. డాబా మరమ్మతులకి 18,000 వచ్చింది. అది కూడా నా చేతికి రాలేదు. పాలసీ మీద బ్యాంకు పేరు ఉంది కాబట్టి ముందు అప్పు ఖాతాలో జమయ్యింది. సావిడికి సున్నా.

ప్రభుత్వ సాయం రాలేదా అంటారు. విపత్తు సహాయ నిధి లెక్కల్లో 2022 నుంచి 2026 వరకు పెట్టిన రేట్లు చెబుతాను, రాసుకోండి. చనిపోయిన పాడి గేదెకి 37,500. పడిపోయిన గుడిసెకి 8,000. పశువుల పాకకి 3,000. ఆ మూడు వేలకి కూడా ఒక మాట ఉంది: ‘ఇంటికి ఆనుకొని ఉన్న’ పాక. నాది ముప్పై గజాల దూరం. దోమలూ పేడ కంపూ ఇంట్లోకి రాకూడదని దూరంగా వేయడమే నా తప్పయ్యింది.

ఆ తర్వాత రెండు నెలలు నేను వాయిదా కట్టలేకపోయాను. మా గ్రూపులో మిగతా తొమ్మిది మంది పంచుకుని కట్టారు. వాళ్లు ఇక్కడే కూర్చున్నారు. ఒక అక్క ఆ నెల కూతురి చెవి దుద్దులు తాకట్టు పెట్టింది, నాకు తర్వాత తెలిసింది. నా పాకకి బీమా లేకపోతే నష్టం నాది ఒక్కదానిదే కాదని నాకప్పుడు అర్థమయ్యింది.

అప్పుడు పట్టణంలో బీమా ఆఫీసులు నాలుగు తిరిగాను. ఏలూరులో రెండు, గూడెంలో రెండు. కొంతమంది విసుక్కున్నారు, ఒకాయన మాత్రం టీ తెప్పించి రెండు గంటలు చెప్పాడు. నాకు తెలిసింది మీకు చెబుతాను.

2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే మాదిరి పాలసీలు అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ రూలు పెట్టింది. ఇళ్లకి భారత్ గృహ రక్ష. అయిదు కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారానికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఉద్యమ్ అంటే మన ధర్నాలూ రాస్తారోకోలూ కాదండి, హిందీలో పరిశ్రమ అని. నాకు ఆ పేరు వినగానే నవ్వొచ్చింది. ఏ కంపెనీకి వెళ్లినా ఈ పేర్లు చెప్పండి. రెండింటిలోనూ అగ్గి, పిడుగు, గాలివాన, తుఫాను, వరద, భూకంపం అన్నీ వస్తాయి. వరదకి విడిగా కట్టాలేమో అని భయపడక్కర్లేదు.

గృహ రక్షలో ఇల్లు అంటే ఒక్క ఇల్లే కాదు. అదే స్థలంలో ఉన్న ప్రహరీ, గేటు, వరండా, బండి పెట్టుకునే షెడ్డు, సెప్టిక్ ట్యాంకు, గోబర్ గ్యాసు తొట్టి, కట్టిన నీళ్ల ట్యాంకు, పైన పెట్టిన సోలారు పలకలు కూడా ఇంటి కిందికే వస్తాయి. మనుషులు కాపురం ఉండే విడి గది, అంటే అత్తగారూ మావగారూ పడుకునే వెనక గది లాంటిది, అది కూడా వస్తుంది. కానీ జాగ్రత్తగా వినండి. వస్తాయి అంటే వాటి విలువ కూడా కలిపి మొత్తం రాయించాలి. ఇంటికి కార్పెట్ ఏరియా ప్రకారం, కట్టుబడి ఖర్చు ప్రకారం లెక్క వేస్తారు. ఈ విడి కట్టడాలకి ఈ రోజు మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో అది వేరేగా కలపాలి. ఏజెంటు అడగడు. మనమే చెప్పాలి. ఇల్లు రాయిస్తే ఇంట్లో సామానుకి కూడా ఇంటి మొత్తంలో 20 శాతం దాకా, పది లక్షలు మించకుండా, దానంతటదే వస్తుంది. అది మంచం, బీరువా, టీవీ, గిన్నెల మాట. మన దాణా బస్తాలూ అమ్మకానికి పెట్టిన పచ్చడి జాడీలూ దాని కిందికి రావు.

మరి సావిడి? ఆ జాబితాలో గొడ్ల సావిడి అనే మాట లేదు. అంటే అసలు సంగతి ఎన్ని గజాల దూరం అన్నది కాదు, ఆ కప్పు కింద ఏం జరుగుతోంది అన్నది. నేను నాలుగు ఆఫీసుల్లోనూ ఇదే ప్రశ్న విన్నాను. కాపురం అయితే ఇంటి పాలసీ. వ్యాపారం అయితే ఉద్యమ్ పాలసీ. ఇంటి పాలకి ఒక్క గేదె ఉంటే ఇంటి పాలసీలోనే పేరు పెట్టి రాస్తారా అని అడగండి, రాస్తామంటే కాగితం మీద రాయించండి, నోటిమాట వద్దు. నాలుగు గేదెలు పెట్టి కేంద్రానికి పాలు పోస్తున్నామంటే అది వ్యాపారమే. అప్పడాలు, పచ్చళ్లు, కుట్టు మిషన్లు, ఎండుచేపలు, ఉల్లిపాయలు, బాతుగుడ్లు, అన్నీ అంతే. మనం ‘ఏదో ఇంట్లో చేసుకుంటున్నాం’ అంటాం. కంపెనీ అలా అనుకోదు.

ఉద్యమ్ పాలసీలో షెడ్డు వేరు, మిషన్లు వేరు, సరుకు వేరు. మూడూ మూడు వరసల్లో రాయించాలి. మన గూడెం సభ్యురాలు ఒకామె కథ చెబుతాను, పేరు చెప్పొద్దంది. ఉల్లిపాయల మార్కెట్టు దగ్గర అద్దె షెడ్డులో సరుకు పోస్తుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి రేకులు లేచిపోయి సరుకు తడిసింది. షెడ్డు ఓనరుది కాబట్టి ఆమెకి షెడ్డు బీమాతో పని లేదు, సరుకుకి చేయించింది, తెలివైన పనే. కానీ షెడ్డులో మూడు లక్షల సరుకు పెట్టుకుని ప్రీమియం తగ్గుతుందని లక్షన్నరకే చేయించింది. నష్టం 80,000. ఎంతొస్తుంది అనుకుంటున్నారు? లక్షన్నర లోపే కదా, మొత్తం ఇస్తారనుకుంది. సరుకులో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలో సగమే లెక్కగట్టారు. కోతలు పోను 40,000 లోపే చేతికొచ్చింది. చిన్న తేడా అయితే, అంటే 15 శాతం లోపు తక్కువ రాయిస్తే, చూసీ చూడనట్టు పోతారు. సగానికి సగం అయితే పోరు. ఇంటి పాలసీలో ఈ తిరకాసు లేదు, వ్యాపార పాలసీలో ఉంది. ప్రతి క్లెయిములోనూ మన వంతు కొంత కోస్తారు, అది ఎంతో సంతకం పెట్టే ముందే అడగండి. చిన్న పాకకి ఆ కోతే పెద్దది. కోత కంటే కాస్తే ఎక్కువ విలువున్న కోళ్ల గూడుకి బీమా చేయించి డబ్బు పారేసుకోవద్దని నా సలహా.

ఇక తాటాకు. మన లంకల్లో పాకలన్నీ తాటాకో రెల్లుగడ్డో. గోడలు తడికలు. తాటాకు, గడ్డి, వెదురు, చెక్క, టార్పాలిన్, వీటితో గోడో కప్పో ఉంటే కంపెనీ భాషలో కచ్చా కట్టడం. కొన్ని చోట్ల ప్రీమియం ఎక్కువ అడుగుతారు, కొన్ని చోట్ల అసలు వద్దంటారు. ఒక ఏజెంటు మా పక్కింటి వదినతో, “రేకులని రాసేద్దామమ్మా, ఎవరు చూస్తారు” అన్నాడట. సర్వేయరు చూస్తాడు. కాలిపోయిన తాటాకు బూడిద రేకుల బూడిద కాదు కదా. ఉన్నది ఉన్నట్టు రాయించండి, వద్దంటే ఇంకో కంపెనీకి వెళ్లండి. న్యూ ఇండియా, ఓరియంటల్, నేషనల్, యునైటెడ్ ఇండియా, ఈ నాలుగూ ప్రభుత్వ రంగ కంపెనీలు. ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి. వేసవిలో ఎటూ పాక నేత మారుస్తాం, డబ్బు కుదిరితే ఒక వైపైనా రేకు వేసుకోవడం మేలని మా వారు అంటారు. నా మట్టుకు వేసవిలో రేకు కింద గేదె పాలు తగ్గుతాయని మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆ తగువు ఇంకా తెగలేదు.

గడ్డివాము సంగతి అడుగుతారని తెలుసు. ఆరుబయట ఉన్న వాముకి నేను తిరిగిన నాలుగు చోట్లా ఒప్పుకోలేదు. వాముని సావిడికీ వంటపాకకీ దూరంగా వేసుకోవడమే.

చెరువు గట్టు మీద పాక ఉన్నవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి. ఇంటి పాలసీలో రాసిన ఊరు, డోరు నంబరు ఎక్కడుందో అక్కడి వరకే. గట్టు మీది కాపలా పాక అర కిలోమీటరు అవతల ఉంటే అది వేరే స్థలం, విడి వరసలో సర్వే నంబరుతో రాయించాలి. కొల్లేరులో అయిదో కాంటూరు లోపల ఉన్న వాళ్లు మరీ జాగ్రత్త. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు కొట్టేశారు, అందరికీ తెలిసిందే. ప్రభుత్వ ఉత్తర్వు మీద కూల్చిన దానికి ఏ బీమా పాలసీ డబ్బులివ్వదు. నీళ్లు పడగొడితే ఇస్తుంది, పొక్లెయిను పడగొడితే ఇవ్వదు. స్థలం కాగితం బలంగా లేకపోయినా ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, రెండింటి మీదా ఒకే పేరు ఉండేలా చూసుకోండి. మా గ్రూపులోనే ముగ్గురికి అప్పు కోడలి పేరు మీద, పన్ను మావగారి పేరు మీద, కరెంటు చనిపోయిన పెద్దాయన పేరు మీద ఉంది. నష్టం వచ్చిన రోజు ఆ ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టడం కుదరదు కదా.

గేదెలకి బీమా చేయించాం కదా అంటారు కొందరు. చెవికి పోగు వేసి చేసే బీమా గేదెకి. గేదె చచ్చిపోతే ఇస్తారు. గేదె మీద రేకు పడి గేదె బతికితే రేకుకి ఇవ్వరు. అలాగే గ్రూపు అప్పుతో వచ్చే బీమా అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి. ఇవి వేటికవే.

మోటార్ల గురించి ఒక్క ముక్క. షార్ట్ సర్క్యూట్ అయ్యి మోటారు కాలితే ఆ మోటారుకి రాదు. ఆ మోటారు నుంచి అగ్గి పాకకి అంటుకుంటే పాకకి వస్తుంది. నాకు కూడా మొదట వింతగానే అనిపించింది.

నష్టం వచ్చిన రోజున మనం చేసే పెద్ద పొరపాటు శుభ్రం చేసేయడం. ఆడవాళ్లం కదా, బురద చూస్తే చెయ్యి ఊరుకోదు. నేను పులిసిన దాణా బస్తాలు పదకొండు గుంటలో పూడ్చేశాను, ఆ తర్వాత సర్వేయరు వచ్చారు. పాలసీలో ఉన్నా సరే వాటికి రుజువు ఉండేది కాదు. ముందు ఫోను చేసి కంపెనీకి చెప్పాలి, ఫిర్యాదు నంబరు రాసుకోవాలి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు, నీటి గుర్తు కనపడేలా ఒకటి, సెల్‌ఫోనులో తీసుకోవాలి. పాడయిన సరుకు వాసన వస్తే ఒక మూలకి లాగి పట్టా కప్పండి, పారేయకండి. గేదెలు తడుస్తున్నాయని వెంటనే రేకు వేయాల్సి వస్తే ఫోటో తీసి వేయండి, కొన్న రసీదు దాచండి. క్లెయిము ఫారం నష్టం చూసిన 30 రోజుల్లోపు ఇచ్చేయాలి. అసలు నష్టం రాకముందే, నేడో రేపో, పాకని బాగున్నప్పుడు ఒక ఫోటో తీసి గ్రూపు వాట్సాప్‌లో పెట్టండి. ఇంట్లో ఫోను నీళ్లలో పోయినా తొమ్మిది మంది దగ్గర ఉంటుంది.

న్యాయంగా రావాల్సింది ఇవ్వకపోతే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజులు చూడండి. అప్పటికీ కాకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన రాష్ట్రం కూడా ఆయన పరిధిలోదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాది లోపు వెళ్లాలి. ముందు 155255కి ఫోను చేసినా దారి చెబుతారు. నా విషయంలో నేను వెళ్లలేదు. కాగితంలో సావిడి లేదు, లేనిదానికి ఎవరితో పోట్లాడతాను? అడగని ఏజెంటు మీద కోపం ఉంది, కానీ చదవని నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ప్రీమియం ఎంత అని వెనక వరసలో అక్క చెయ్యెత్తింది. అది ఊరిని బట్టి, కప్పుని బట్టి, మొత్తాన్ని బట్టి మారుతుందమ్మా, పైన జి.ఎస్.టి. 18 శాతం. నేను ఒక అంకె చెప్తే రేపు మీరు ఆఫీసుకెళ్లి ఆమె ఇంత చెప్పింది అంటారు. రెండు మూడు చోట్ల రాయించుకుని పోల్చుకోండి. ఒక్కరు వెళ్తే పట్టించుకోరు, ఇది నేను పడ్డాను. గ్రామ సంఘం తరఫున ఇరవై ముప్పై పాకల జాబితా పట్టుకుని వెళ్తే కుర్చీ వేస్తారు. ఆ జాబితాలో ఏముండాలంటే, ఎవరిది, ఎక్కడుంది, గోడ దేంతో, కప్పు దేంతో, లోపల ఏం చేస్తున్నారు, ఈ రోజు కట్టాలంటే ఎంత, లోపల మిషన్లు ఎంత, సరుకు ఎంత. మన బుక్ కీపరమ్మలు ఒక్క పూటలో రాసేస్తారు. జులై దాటితే మళ్లీ మబ్బులే. తుఫాను కబురు రేడియోలో వచ్చాక కడదాం అనుకుంటే ఏ ఆఫీసూ తీసుకోదు.

కార్యదర్శి గారిని ఒక్కటి అడుగుతున్నాను, తీర్మానంలో రాయండి. ఇకనుంచి గ్రూపులో పాకకో షెడ్డుకో మిషనుకో అప్పు మంజూరు చేసే రోజునే, అప్పు దరఖాస్తు వెనక వైపు, దానికి బీమా ఎక్కడ ఏ పేరుతో ఉందో ఒక గడి పెట్టాలి. ఖాళీగా ఉంటే ఖాళీగానే ఉండనివ్వండి, అప్పు ఆపొద్దు. కానీ ఆ ఖాళీ గడి పదిమందీ చూసి సంతకం పెట్టాలి.

నేను మళ్లీ సావిడి కట్టాను. ఈసారి గోడ కింద రెండడుగులు మెరక పోశాం. బీమా కాగితంలో మూడు వరసలున్నాయి: పశువుల షెడ్డు, సిమెంటు రేకుల కప్పు, గడ్డి మిషనూ మోటారూ, దాణా. ఇదిగో ఆ కాగితం, ముందు వరసలోంచి అందిస్తున్నాను. ఆ మూడు వరసలు ఎలా రాశారో ఫోనులో ఫోటో తీసుకోండి. భోజనాలకి లేచే ముందు మాత్రం తిరిగి నా చేతికి ఇచ్చేయండమ్మా, అసలు కాగితం అదొక్కటే.